ఊకబూడిదయు ఉక్కుకొలిమియు

దేశసంపద రెండు త్రోవల క్షయించును. కన్నుల యెదుట కొల్లపోవుట యొకటి. చిల్లికుండలోని నీటివలె ఎవ్వరికిని తెలియకుండ కారిపోవుట మఱియొకటి. మొదటిదాని కొఱకు సభలు కూడును, తీర్మానములు సాగును, శాసనసభలు దద్దరిల్లును. రెండవదానిని గుఱించి మాటాడువారు లేరు. ఏలయన అందు దొంగయు కనబడడు, దోచిన సొత్తును కనబడదు. మన కొలుముల గోడలగుండ రేయింబవళ్లు వెలికి పోవుచున్న వేడి ఇట్టి నష్టము. బొగ్గును గనిలో త్రవ్వినవాడు కష్టపడెను. రైలుబండిపై చేరవేసినవాడు కష్టపడెను. కొన్నవాడు సొమ్ము చెల్లించెను. ఆ బొగ్గు మండగా పుట్టిన వేడిలో సరకునకు చేరినది కొంత, పొగగొట్టమున పోయినది కొంత, గోడ త్రాగివేసి బయటిగాలికి పంచిపెట్టినది కొంత. ఈ గోడ త్రాగినదానిని గుఱించియే నేడు వ్రాయబూనితిమి.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకేల యని పాఠకులలో కొందఱు అనుకొనవచ్చును. అట్లు తలపవలదు. గాజు, పింగాణి, ఉక్కు, సున్నము, సిమెంటు, ఇటుక, పెంకు: వీనిలో కొలిమి ముఖము చూడక పుట్టినది ఒక్కటియు లేదు. ఇల్లు కట్టుకొను ప్రతివాడును, నాగలి పట్టు ప్రతివాడును కొలిమికి ఋణపడినవాడే. అది వృథాచేసిన బొగ్గు వెల ఆ వస్తువుల వెలలో చేరి మన యింటికే వచ్చును. దాని పొగ మన ఊపిరిలోనే చేరును. వేసినవాడు కనబడని పన్ను ఇది. పన్నును గుఱించి విచారించుట పౌరుని ధర్మము గదా!

ముందుగా లెక్క చూతము. కొలుములకు మామూలుగా వాడు గట్టి అగ్గియిటుక, బజారులో ఫైర్‌బ్రిక్ అని పిలువబడునది, ఘనమీటరునకు సుమారు 2000 కిలోల బరువుండును. కిలో ఇటుక ఒక్క డిగ్రీ వేడెక్కుటకు సుమారు పావు కిలోకేలరీ పట్టును. కావున ఒక ఘనమీటరు గోడ 1000 సెంటిగ్రేడు డిగ్రీల మేర వేడెక్కవలెనన్న 5 లక్షల కిలోకేలరీలు కావలెను. కిలోకు 4000 కిలోకేలరీల నిచ్చు మన సామాన్యపు బొగ్గు ఇందుకు 125 కిలోలు ఖర్చగును. ఇంకను లోపలి సరకునకు చిటికెడు వేడియైనను చేరలేదు. గోడ మాత్రమే వేడెక్కినది! సాయంకాలము కొలిమి ఆర్పితిమా, ఆ 125 కిలోల బొగ్గు తెల్లవారునప్పటికి గాలిలో కలసినట్లే. మఱునాడు మరల మొదలు. అదే గోడను ఘనమీటరునకు 600 కిలోలు మాత్రమే తూగు గుల్లయిటుకతో కట్టినయెడల ఈ పనికి 37.5 కిలోల బొగ్గు చాలును. వెలిగించుచు ఆర్పుచు నుండు చిన్న కొలుముల యజమానులకు ఈ యొక్క లెక్కయే వేయి ఉపన్యాసముల పెట్టు.

గుల్లయిటుక యన గోడకట్టునందు బెజ్జములు విడిచిన ఇటుక కాదు. లోపలినుండియే రొట్టెవలె గుల్లబారిన కాలిన మట్టి అది. దాని యొడలిలో సగముకంటె ఎక్కువ భాగము గాలియే. ఆ గాలియే అందలి రహస్యము.

ఈ రహస్యమును మన పల్లెవాడు ఎఱుగనిది కాదు. పూరింటిలో వేసవి మధ్యాహ్నము హాయిగ నుండును. రేకులయింటిలో ప్రాణము ఉడికిపోవును. పూరికప్పులో తాటాకుల నడుమ, గడ్డిపోచల నడుమ చిక్కుకొన్న గాలి కదలదు. కదలని గాలి వేడిని మోయదు. మంచుగడ్డలమ్మువాడు వానిని రంపపుపొట్టులోనో ఊకలోనో పాతిపెట్టుట ఇందుకే. ఇటుకబట్టీపైకెక్కి కాలుచున్న వరుసలమీద జానెడు మందమున బూడిద పఱచు కూలివాడు భౌతికశాస్త్రము చదువలేదు. కాని ఆ బూడిద లేనిచో బట్టీ చల్లారునని అతనికి తెలియును. శాస్త్రజ్ఞుడు దీనికే అంకెలు వేసినాడు. కదలని గాలి వేడిని మోయు శక్తి, గట్టి అగ్గియిటుక శక్తిలో సుమారు 50వ వంతు. మట్టిలో గాలిని బంధించిన కొలది గోడగుండ పోవు వేడి తగ్గును. మంచి గుల్లయిటుకగుండ పోవునది గట్టియిటుకగుండ పోవుదానిలో నాలుగవవంతు. ఒక్కొక్కప్పుడు అంతకంటెను తక్కువ.

అయిన పూరికప్పునకు తెలిసిన విద్య కొలిమికి చాలునా? చాలదు. చల్లని చోట వేడి ఒకరినుండి ఒకరికి చేతులు మార్చుకొనుచు నడచును. కొలిమిలోనైన వెలుగై దూకును. సూర్యుని వేడి నడుమ గాలి లేకున్నను మనకు చేరుచున్నది గదా. అట్లే ఎఱ్ఱగా కాలిన ఇటుక రంధ్రమున ఈ దరినుండి ఆ దరికి వేడి కిరణరూపమున దాటును. దీని వృద్ధి భయంకరమైనది. 27 డిగ్రీల వస్తువు 1227 డిగ్రీలకు వేడెక్కినచో శాస్త్రజ్ఞుల పరమమానమున దాని వేడి ఐదింతలైనది. కాని అది చిమ్ము కిరణముల బలము 625 రెట్లగును. అందుచేత చల్లని గోడకు మేలైన పెద్ద రంధ్రము వేడి గోడకు ద్వారము తెఱచినట్లగును. రంధ్రములు సన్నములు కావలెను, వేలకొలది గోడలు కిరణమునకు అడ్డు నిలువవలెను. మఱియు టైటానియము ఆక్సైడు, సిలికాన్ కార్బైడు వంటి పొడులు కలిపి కిరణమును చెదరగొట్టుటయు కలదు.

రంధ్రమును ఇంకను సన్నగించిన మఱియొక వింత జరుగును. సామాన్యపు గాలిలో ఒక అణువు మఱియొక అణువును తాకకముందు పోగల దూరము సుమారు 70 నానోమీటర్లు. మన తలవెండ్రుక మందములో వేయవవంతని చెప్పవచ్చును. రంధ్రము అంతకంటె సన్ననిదైనచో గాలి అణువులు తమలో తాము తాకుకొని వేడిని అందించుకొనుటకు తావే యుండదు. గోడను తాకి వెనుకకు మరలుచుండును. అట్టి పదార్థము కదలని గాలికంటెను తక్కువగా వేడిని మోయును. దీనినే ఏరోజెల్ అందురు. అమెరికా దేశస్థుడు సామ్యూల్ కిస్ట్లర్ దీనిని 1931లో లోకమునకు వెల్లడించెను. హైదరాబాదు అంచున బాలాపూరునందలి కేంద్రప్రభుత్వ పరిశోధనాలయములో సిలికా ఏరోజెల్ దుప్పట్లు చేయు విధానము రూపొందినది. అయితే సిలికా ఏరోజెల్ కొన్నివందల డిగ్రీలవఱకే నిలుచును. ఆపైన దాని రంధ్రములు కుంచించుకొని మూసికొనిపోవును. అంతకుమించిన తావులకు అల్యూమినా, ముల్లైటు వంటివానితో చేసిన గుల్లపదార్థములు వలయును. 1260 డిగ్రీలకు, 1427 డిగ్రీలకు నిలుచు రకముల గుల్లయిటుకలు నేడు బజారులో మామూలు సరకులే.

ఈ విద్య ఎంత ఎత్తునకు పోయినదో చూపుటకు ఒక్క సాక్షిని పిలిచెదము. 2007 జనవరి 10వ తేదీన శ్రీహరికోటనుండి పోయిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 550 కిలోల చిన్న గూడు నొకదానిని ఆకాశమున ప్రవేశపెట్టెను. 12 దినములు భూమిని చుట్టి 22వ తేదీన అది బంగాళాఖాతమున దిగెను. వాయుమండలమున దూసికొని వచ్చునపుడు పుట్టిన దారుణాగ్నినుండి దానిని కాపాడినవానిలో మనవారు చేసిన సిలికా పలకలు కలవు. 1981 మొదలు 2011 వఱకు ఎగిరిన అమెరికావారి నభోనౌకల యొడలిపైనను ఇట్టి పలకలే వేలకొలది యుండెడివి. ఆ పలకలో నూటికి తొంబదిపాళ్లకు మించి గాలియే. లోపల ఎఱ్ఱగా కణకణలాడుచుండగనే దాని అంచులను వట్టిచేతితో పట్టుకొని చూపెడివారు. ఆకాశమునుండి దిగు గూటిని కాపాడిన సూత్రమును నేలమీది కొలిమికి చేర్పలేని మనము ఏమని చెప్పుకొందుము?

ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని కొందఱు తలవంచుకొందురు. తలవంచుకొన నక్కఱలేదు. నేటి తెలంగాణమున నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రమను గ్రామమును స్మరింపుడు. దేశమునంతయు కొలిచిన మహా త్రికోణమితి సర్వేతో వచ్చిన వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ 1820 తరువాత కొలదికాలమునకు ఆ గ్రామమునకు పోయి, అచ్చటి ఉక్కుతయారీని చూచి వర్ణించెను. పారసీకదేశములోని ఇస్పహానునుండి వర్తకులు ఆ ఉక్కు కొఱకు అచ్చటికి వచ్చెడివారు. పాశ్చాత్యులు ఊట్జ్ అని పిలిచిన పేరు మన ఉక్కు అను మాటనుండియే పుట్టినదని చెప్పుదురు. ఆ ఉక్కు కరగినది ఎందులో? మట్టిమూసలో. ఆ మట్టిలో కలిపినదేమి? వరియూక!

1990లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన థెల్మా లో మున్నగువారు ఈ మూసపెంకులను సూక్ష్మదర్శినులతో పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. ఊక గాలి తగులక కాలి బొగ్గుగ నిలిచినది. దానిలోని సిలికా అస్థిపంజరమువలె మిగిలినది. మట్టి సూదులవంటి ముల్లైటు స్ఫటికముల అల్లికగ మారినది. నేటి ప్రయోగశాలలు కోరి చేయు మిశ్రమమునకు ఇది పూర్వరూపమని వారి యభిప్రాయము. మూస పని వేడిని ఆపుట కాదు, వేడికి ఓర్చుట. రెండును ఒకటే యని మేము వాదింపము. కాని మట్టికి ఊక కలిపి కాల్చిన దాని గుణమే మాఱునని, అది అగ్గికి ఓర్చునని, మన కుమ్మరియు కమ్మరియు అనుభవముచేత ఎఱిగియుండిరి. నేటికిని గుల్లయిటుక చేయు విధములలో మిక్కిలి సులువైనది అదియే: మట్టిలో ఊకనో రంపపుపొట్టునో కలిపి అచ్చుపోసి కాల్చుట. పొట్టు మండిపోవును, అది యున్న తావు రంధ్రమై నిలుచును. నురుగు కట్టించి కాల్చుట, స్పంజిని మట్టినీట ముంచి కాల్చుట, నీటిని గడ్డకట్టించి మంచుపలుకుల తావులను రంధ్రములు చేయుట మున్నగు నూతనమార్గములును కలవు. మూలసూత్రము ఒక్కటే.

ఇప్పుడు అసలు వ్యాజ్యమునకు వత్తము. వెయ్యి కిలోల వడ్లు మరలో పోసిన సుమారు 200 కిలోల ఊక వచ్చును. ఆ ఊకను కాల్చిన 40 కిలోల బూడిద మిగులును. ఆ బూడిదలో నూటికి 85నుండి 95 పాళ్లు సిలికా. వరిపైరు నేలనుండి నీటితో పాటు పీల్చి, గింజకు కవచముగ కట్టుకొన్న సిలికా అది. సరియైన వేడిలో కాల్చిన బూడిదలో మొక్క కణముల సన్నని రంధ్రములు చెడక నిలుచును. అనగా గుల్లపదార్థమును ప్రకృతియే సగము చేసి మన కళ్లమున పోయుచున్నది. గోదావరి, కృష్ణ డెల్టాలలోను, తెలంగాణపు చెఱువుల క్రిందను, నెల్లూరు పెన్నాతీరమునను పండు వరి ఎంతయో, మరల వెనుక పేరుకొను బూడిద ఎంతయో పాఠకులు తామే యూహించుకొనగలరు.

ఆ బూడిదకు మనము చేయుచున్న మర్యాద యేమి? ఈ వ్యాసకర్త న్యాయవాదవృత్తిలో ఒక కాలువగట్టు పల్లె రైతుల పక్షమున అర్జీ వ్రాసియున్నాడు. ఊరిపొలిమేర మరనుండి నల్లని బూడిద లేచి ఆరవేసిన బట్టలపై, అన్నపుగిన్నెలలో, బడిపిల్లల కన్నులలో పడుచున్నదని వారి మొఱ. త్రోవప్రక్క పోసిన కుప్ప వానకు కరగి పంటకాలువలో చేరుచున్నదని మఱియొక మొఱ. బూడిదను ఎక్కడ పోయవలెనని యజమాని ప్రశ్న. నెలలతరబడి వాయిదాలు నడచినవి. వాది దానిని పీడ యనెను. ప్రతివాది భార మనెను. అది వెలగల సొత్తని మాత్రము ఉభయపక్షములలో నెవ్వరును నోట పలుకలేదు! పెరటిచెట్టు మందుకు పనికిరాదనుట ఇదియే.

వెల తెలిసినవారు లేకపోలేదు. ఉక్కు కార్మాగారములలో కరగిన లోహముపై ఊకబూడిదను చల్లుదురు. అది దుప్పటివలె కప్పి వేడిని పోనీయదు. ఇందుకై దానిని మూటలుకట్టి కొందురు, విదేశములకును పంపుదురు. విశాఖపట్టణపు ఉక్కు కార్మాగారమున రెండు మహాకొలుములకు గోదావరి, కృష్ణ యని పేర్లు పెట్టిరి. పేరు పెట్టుటలో భావము కలదు. ఆ నదులు పండించిన వరి యూక ఉక్కుద్రవముపై కప్పగుట సార్థకమే. కాని వట్టి పొడిగ అమ్మిన లాభమెంత? దానినే ఇటుకగ, పలకగ, కొలిమి మూతగ చేసి అమ్మిన లాభమెంత? ప్రత్తిని అమ్మి గుడ్డను కొన్న దేశపు చరిత్ర మనకు తెలియనిది కాదు. ఆ పాఠము ప్రత్తికి మాత్రమే చెప్పినది కాదు.

ప్రతివాదములు కలవు, వానిని విననిదే తీర్పు చెప్పరాదు. గుల్లయిటుక బలహీనమైనది, బరువు మోయదు, కరగిన లోహపు చిట్టెము తగిలిన తినివేయబడును అందురు. నిజమే. అందుకే దానిని తగిన తావున వాడవలెను: అగ్గికి ఎదురుగ గట్టియిటుక, దాని వెనుక గుల్లయిటుక. సైన్యమున ముందు వరుస వేఱు, వెనుక వరుస వేఱు. చిట్టెము తగులని పింగాణి కొలుములలో, లోహములకు పదును పెట్టు కొలుములలో గుల్లయిటుకనే అగ్గికి ఎదురుగ నిలుపవచ్చును. రెండవ ప్రతివాదము ఇంకను సూక్ష్మమైనది. వెనుక గుల్లగోడ కట్టిన వేడి బయటికి పోలేక ముందరి గట్టియిటుక మునుపటికంటె ఎక్కువగ కాగును; ఇటుక రకము ఎంచుకొనుటలో పొరపడిన గోడయే కూలును. ఇదియు నిజమే. కాని ఇది గుల్లయిటుక వలదనుటకు కారణము కాదు. లెక్క తెలిసినవానిని సంప్రదించి కట్టుమనుటకు కారణము. మూడవది వెల. గుల్లయిటుక గట్టియిటుకకంటె ప్రియమని చిన్న యజమాని వెనుదీయును. అతడు ఇటుక వెలను ఒకనాడు చూచును; బొగ్గు వెలను ప్రతిదినము చెల్లించును. ఒకనాటి వెలకు జడిసి ప్రతిదినపు నష్టమును కట్టుకొనుట గృహస్థుని లెక్కయు కాదు, వర్తకుని లెక్కయు కాదు. అయిన చేత సొమ్ము లేనివానికి లెక్క నేర్పిన ప్రయోజనమేమి? అచ్చట అప్పు పుట్టవలెను. దానిని గుఱించి ముందు చెప్పెదము.

వీనికంటె గురుతరమైన విషయ మొకటి కలదు. దానిని దాచి ఈ పరిశ్రమను పొగడుట పాపము. వేడిని ఆపుటకై లోకము పూర్వము నమ్ముకొన్నది రాతినారను, అనగా ఆస్‌బెస్టాసును. కడపజిల్లా పులివెందుల ప్రాంతమున అది త్రవ్వబడెడిది. ఆవిరిగొట్టములకు చుట్టిరి, కొలుములకు అద్దిరి. దాని ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడినవి, క్యాన్సరు పుట్టినది, అదియు పదులయేండ్ల పిమ్మట, పని మానిన ముసలితనమున బయటపడినది. 1986లో కేంద్రప్రభుత్వము కొత్త గనులకు లీజులిచ్చుట నిలిపినది. 1995 జనవరిలో సుప్రీముకోర్టు కార్మికుని ఆరోగ్యము రాజ్యాంగపు 21వ అధికరణము కాపాడు జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పినది. రాతినార కార్మికుని ఆరోగ్యపు లెక్కలను పనిలో చేరిననాటినుండి 40 ఏండ్లు గాని, పని మానిన పిదప 15 ఏండ్లు గాని, ఏది ఆలస్యమో అంతవఱకు యజమాని భద్రపఱుపవలెనని శాసించినది. వ్యాధి ఆలస్యముగ వచ్చును గనుక సాక్ష్యము అంతవఱకు నిలువవలెనని న్యాయమూర్తుల భావము. న్యాయవాదులు గర్వింపదగిన తీర్పులలో నిది యొకటి.

రాతినారకు బదులుగ వచ్చినదానిలో పింగాణినార యొకటి. దూదివలె తేలిక, కొలిమిగోడకు అంటించుట సులువు. కాని దానిని కూడ అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ 1988లో మనుష్యులకు క్యాన్సరు కలిగింపవచ్చుననెడి అనుమానపు పట్టికలో చేర్చినది. మన ఊకబూడిదయు నిర్దోషియని ముందే తీర్పు చెప్పరాదు. సుమారు 700 డిగ్రీలకు లోబడి కాల్చిన సిలికా గాజువలె స్ఫటికములు లేక యుండును. మితిమీరి కాల్చితిమా, క్రిస్టోబలైటు అను స్ఫటికమగును. అట్టి స్ఫటికసిలికా ధూళి ఊపిరికి విషము. పనితావులలో దానిని పీల్చుట క్యాన్సరునకు కారణమని పై సంస్థయే 1997లో నిర్ణయించినది. సిలికోసిస్ అను వ్యాధికి మందు లేదు. కావున బూడిదను చేయు పద్ధతిలోనే కూలివాని ప్రాణము ఇమిడియున్నది. ఇటుకలో గాలిని బంధించి కూలివాని ఊపిరిని హరించినచో అది పరిశ్రమ కాదు, హింస.

ఇక కర్తవ్యమేమి? 2001లో శక్తిసంరక్షణ చట్టము పుట్టినది. దాని క్రింద 2012నుండి పెద్ద పరిశ్రమలకు ఇంత శక్తి పొదుపుచేయవలెనను లక్ష్యములు ఏర్పడినవి. మెచ్చదగినదే. కాని గల్లీలోని చిన్న పోతకొలిమిని, పల్లెచివర పింగాణి బట్టీని, గాజుగాజుల కొలిమిని ఆ లక్ష్యములు తాకుటలేదు. పెద్దవానికి ఇంజనీరున్నాడు, చిన్నవానికి ఎవ్వరున్నారు? మా దృష్టిలో నాలుగు పనులు వెంటనే జరుగవలెను.

మొదటిది, కొలుములు గుంపుగ నున్న ప్రతి పట్టణమున పాలిటెక్నిక్ పాఠశాలలను ఈ పనికి పురికొల్పవలెను. గోడ బయటితట్టు వేడిని కొలిచి, పోవుచున్న బొగ్గెంతో కాగితముపై వ్రాసి యజమాని చేత పెట్టుట విద్యార్థులు చేయగల పని. కొలువని నష్టము నష్టమని తోచదు. రెండవది, మరయజమానులు సహకారసంఘముగ చేరి ఊకను ఇష్టమువచ్చినట్లు తగులబెట్టక, వేడిని అదుపులో నుంచి కాల్చు పొయ్యిలను ఉమ్మడిగ నెలకొల్పుకొనవలెను. ఒకే గుణముగల బూడిద లేనిదే ఒకే గుణముగల ఇటుక రాదు. ఒకే గుణము లేని ఇటుకను తెలివిగలవాడెవ్వడును కొనడు. మూడవది, గుల్లయిటుక కొని కొలిమి మార్చుకొను చిన్న యజమానికి సహకారబ్యాంకులు అప్పీయవలెను. మిగిలిన బొగ్గు సొమ్మునుండి వాయిదాలు తీర్చుకొనవచ్చును. కలకత్తాలో 1950లో ప్రారంభమైన గాజు, పింగాణి కేంద్ర పరిశోధనాలయము, బాలాపూరు పరిశోధనాలయము వంటివానిలో పుట్టిన విద్య ఈ సంఘముల గుమ్మము తొక్కవలెను, ప్రబంధములలో నిద్రింపరాదు. నాలుగవది, మిగిలిన మూటికంటెను ముందుగ జరుగవలసినది: బూడిద ముట్టు ప్రతి పనివానికిని ముఖకవచము, తడిపి ఎత్తు ఏర్పాటు, ఏటేట ఊపిరితిత్తుల పరీక్ష, ఆ పరీక్షల లెక్కలు దీర్ఘకాలము భద్రపఱుచుట. రాతినార విషయమున అత్యున్నత న్యాయస్థానము చెప్పిన ధర్మమును మఱియొక తరము చచ్చినపిదప కాక, పరిశ్రమ మొదటిదినముననే పాటింతుము గాక.

ప్రభుత్వము చేయునని కూర్చుండువారికి ఒక్క మాట. ఈ నాలుగింటిలో మొదటిదానికి శాసనము వలదు, ద్రవ్యము వలదు. ఒక కళాశాల యుపాధ్యాయుడు, పదిమంది పిల్లలు, ఒక ఉష్ణమాపకము చాలును. పఠనమందిరమున ఈ పత్రిక చదువు సోదరులలో మరయజమానులు కలరు, కొలుముల యజమానులు కలరు, అధ్యాపకులు కలరు, పురపాలకసంఘ సభ్యులు కలరు. ఒకే బల్లచుట్టు ప్రతి సాయంకాలము కూర్చుండు వీరు ఒక్కనాడు ఈ విషయము ముచ్చటించుకొన్న సగము పని యైనట్లే. మరవెనుక బూడిదకుప్పను, కొలిమి వెనుక కాగిన గోడను ఒకే చూపున చూచువాడు మనకు కావలెను. ఇంతవఱకు ఒకనికి కుప్పయే కనబడినది, ఒకనికి గోడయే కనబడినది.

ఊకదంపుడు అని మన భాషలో ఒక మాట కలదు. ఊకను దంచిన గింజ రాలదు గనుక వ్యర్థప్రసంగమునకు ఆ పేరు వచ్చినది. కోనసముద్రపు కమ్మరి ఆ సామెతకు లోబడలేదు. అతడు ఊకను మట్టిలో కలిపి, ఇస్పహాను వర్తకుని తన గుమ్మమునకు రప్పించెను. అతని వారసులమైన మనము బూడిదను కాలువలో పోసి కోర్టునకెక్కుచున్నాము. ఈ వ్యాసము మఱియొక ఊకదంపుడు కాకుండుట చదువరుల చేతిలో నున్నది.